సాస్ కుదరడం లేదు, బావమరిదీ

మా వంటింట్లోంచి,
సోమవారం పొద్దున

బావమరిదికి,

ఫోన్ చేస్తే మీ అక్క ఎత్తదు. నువ్వు ఎత్తితే నేను అరుస్తాను, నువ్వు అరుస్తావు, ఆవిడ పక్క గదిలోంచి "పెట్టెయ్యరా" అంటుంది, నువ్వు పెట్టేస్తావు. ఉత్తరంలో అయితే నన్ను మధ్యలో ఆపేవాళ్ళు ఉండరు. అందుకని రాస్తున్నాను.

ఆవిడ నీకేం చెప్పిందో నాకు తెలియదు. జరిగింది మాత్రం ఇదీ. మధ్యాహ్నం వేళ, స్టేషన్ మలుపులో మన సాసేజ్ బండి చుట్టూ జనం. ఎవరో కొత్తాయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "ఈ సాస్ ఎవరు చేస్తారండీ, ప్లేటు నాకాలనిపిస్తోంది" అన్నాడు. నేను పెనం మీద సాసేజ్‌లు దొర్లిస్తూ, మాటవరసకి, "సాస్‌దేముంది సార్, టమాటాలు ఉడకబెడితే ఎవరైనా చేస్తారు. అసలు పనితనమంతా ఈ కాల్చడంలో ఉంది" అన్నాను. మీ అక్క పక్కనే నిలబడి సాస్ పోస్తోంది. ఏప్రాన్ విప్పింది, మడతపెట్టింది, గరిటె నా చేతికిచ్చింది. "అయితే ఉడకబెట్టండి" అని రోడ్డు దాటి వెళ్ళిపోయింది. టీకి వెళ్ళిందనుకున్నాను. మీ ఇంటికి వచ్చిందని సాయంత్రం నువ్వు చెబితే తెలిసింది.

ఒక్క మాటకా? ఇన్నేళ్ళ కాపురంలో ఇంతకంటే పెద్ద మాటలు అనుకున్నాం, అదే పూట కలిసి భోంచేశాం కూడా.

సరే, ఉడకబెట్టాను. ఉల్లిపాయలు వేస్తే మాడాయి. మాడితే ఏముందిలే, సాస్ ఎర్రగానే కదా ఉంటుంది అని పొగలొస్తున్న నూనెలో కర్రీ పొడి గుమ్మరించాను. ఇల్లంతా దగ్గు. టమాటాలు పోశాను, వెనిగర్ పోశాను. నాలిక మీద పెట్టుకుంటే విషం. చేదు పోవాలని చక్కెర వేశాను, చక్కెర ఎక్కువైందని నీళ్ళు పోశాను, నీళ్ళగా ఉందని మొక్కజొన్న పిండి కలిపాను. ఎదురు కొట్టు టైలర్ ఒక ముక్క తిని, "ఏం గురూ, ఇవాళ సాస్ బదులు పోస్టర్లు అంటించే జిగురు పోశావా?" అన్నాడు. పదిమందిలో నవ్వాడు.

మీ అక్క పెళ్ళికి ముందు ఓడరేవు క్యాంటీన్లో జర్మన్ వంటాయన దగ్గర ఇది నేర్చుకుంది కదా. ఆయన పద్ధతి ఏమిటో మెల్లగా అడిగి రాయి. నేనడిగానని చెప్పకు.

మీ బావ


కళ్ళద్దాల కొట్టు, వెనక గది,
గురువారం

బావా,

నీ ఉత్తరం అద్దాలు అరగదీసే మిషన్ పక్కన పెట్టుకుని చదివాను. నవ్వొచ్చి ఒక అద్దం పాడైంది. అది నీ ఖాతాలో రాస్తాను.

నువ్వు అడగలేదనే చెప్పి అడిగాను. అక్క వెంటనే, "ఆయనే అడిగాడా?" అంది. తర్వాత, "టమాటాలు ఉడకబెట్టమను" అంది. అంతకంటే ఒక్క ముక్క రాబట్టలేకపోయాను.

మీ ఇంటికి వచ్చినప్పుడు నేను కళ్ళతో చూసింది రాస్తాను, కాచుకో. ఉల్లిపాయలు చాలా సన్నగా తరుగుతుంది. సన్నని సెగ మీద మగ్గనిస్తుంది, రంగు మారనివ్వదు. అవి కరిగినట్టయ్యాక డబ్బాలో వచ్చే చిక్కటి టమాటా గుజ్జు వేసి, ఇటుక రంగు వచ్చేదాకా వేయిస్తుంది. కారం లేని ఎర్ర మిరపపొడి, కర్రీ పొడి, ఆ తర్వాత టమాటాలు, వెనిగర్, చక్కెర, కొంచెం ఆవాల పేస్టు. చివర్లో మిక్సీ. ఏది ఎంతో నాకు తెలియదు. ఆవిడా ఎప్పుడూ కొలవలేదు, గిన్నె మీదికి వంగి వాసన చూసేది.

మొక్కజొన్న పిండి మాత్రం ఎప్పుడూ చూడలేదు. అది నీ సొంత ప్రతిభ.

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు అక్క నిజంగానే ఇంట్లో లేదు. పొద్దున్నే వెళ్తుంది, మధ్యాహ్నానికి వస్తుంది. ఎక్కడికని నన్నడగకు. కొంచెం ఓపిక పట్టు. రాయి వేసిన చెరువు వెంటనే తేటపడదు.

నీ బావమరిది


మా వంటింట్లోంచి, కిటికీ తెరిచి,
ఆదివారం

ఒరేయ్ బావమరిదీ,

నువ్వు రాసినట్టే చేశాను. అక్షరం పొల్లుపోకుండా చేశాను. ఉల్లిపాయలు తరుగుతుంటే కళ్ళు మండి వేలు తెగింది. అది పోనీ. గుజ్జు ఇటుక రంగుకి వచ్చింది. అదీ బాగుంది. చివర్లో మిక్సీ అన్నావు. చల్లారాక అని రాయడానికి నీకు సిరా అయిపోయిందా? సలసల మరుగుతున్నది పోసి మీట నొక్కాను. మూత ఎగిరి పైకప్పుకి తగిలింది. ఇప్పుడు మా వంటింట్లో గోడలు, గడియారం, నా చొక్కా అన్నీ ఒకటే రంగు. ముంజేయి మీద బొబ్బలు లేచాయి. పక్కింటావిడ తలుపు కొట్టి, "రంగులేయిస్తున్నారా?" అని అడిగింది.

మిగిలింది రుచి చూశాను. ఈసారి కూడా అడుగున చేదు. నువ్వో మీ అక్కో ఏదో ఒక కిటుకు కావాలనే దాచారు. అక్కాతమ్ముళ్ళు కూడబలుక్కుని నన్నిలా ఆడిస్తున్నారని నాకు తెలుసు.

బండి మాత్రం బ్రహ్మాండంగా నడుస్తోంది. జనం విరగబడి తింటున్నారు. సాస్ మారిందని ఎవరూ గుర్తు కూడా పట్టలేదు. ఈ మాట ఆవిడ చెవిన వెయ్యి.

ఇంతకీ రోజూ పొద్దున్నే ఎక్కడికి వెళ్తోంది?

మీ బావ


కళ్ళద్దాల కొట్టు,
బుధవారం

బావగారికి,

ఈ ఉత్తరంలో "మీరు" అంటున్నాను. గౌరవం పెరిగి కాదు.

నిన్న ఒక కస్టమర్‌కి కళ్ళద్దాలు ఇచ్చే పని మీద స్టేషన్ వైపు వచ్చాను. మీ బండి టార్పాలిన్ కప్పుకుని ఉంది. మీ టైలర్‌ని అడిగితే, "వారం నుంచి ఇంతే. నాలుగు రోజులు జనం తిని వెళ్ళి మళ్ళీ రాలేదు. సగం ప్లేట్లు చెత్తబుట్టలోకే. ఆయన పాపం మూసేశాడు" అన్నాడు. ఆ లెక్కల మాస్టారు, రోజూ వచ్చి చివరి ముక్కతో ప్లేటు తుడుచుకు తినే పెద్దాయన, మూసిన బండి ముందు కాసేపు నిలబడి వెళ్ళిపోతున్నాడట.

విరగబడి తింటున్నారా? ఎవరితో చెబుతున్నారు ఈ కోతలు? అక్కతో నేను అదే చెప్పాను, మీ మాట నమ్మి. ఆవిడ, "మంచిదేగా" అని తల తిప్పుకుంది. ఇప్పుడు వెళ్ళి కాదని ఏ మొహంతో చెప్పను?

మేం కిటుకు దాచామట. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. నేను అద్దాలు అరగదీసేవాణ్ణి, నాకు తెలిసింది రాశాను. ఇక మీ గొడవ మీరు పడండి అనే వాణ్ణి. కానీ మీ చేతి బొబ్బల సంగతి అక్కకి చదివి వినిపించాను. అన్నం కలుపుకుంటూ వింది. నా వైపు చూడకుండా, "పొడి వెయ్యబోయే ముందు మంట ఆర్పెయ్యమను. ఆ వేడి చాలు. వాసన లేవగానే వెనిగర్ పొయ్యమను, ఆలస్యం చేస్తే మాడుతుంది" అంది. ఇంకా అడగబోతే కంచం తీసుకుని లేచింది.

చేతికి మందు రాసుకోండి.

ఇట్లు,
మీ బావమరిది


మా వంటింట్లోంచి,
శనివారం

బావమరిదీ,

నన్ను తిట్టాలంటే "నువ్వు" అనే తిట్టు. ఆ "మీరు" చదివితే బొబ్బలకంటే ఎక్కువ మండింది.

అబద్ధమే రాశాను. బండి మూశానని మీ అక్కకి తెలిస్తే నవ్వుకుంటుందనుకున్నాను. టైలర్ నవ్వితే ఓర్చుకోగలను. ఆవిడ నవ్వితే ఓర్చుకోలేను.

మంట ఆర్పాను. పొడి వేశాను. వాసన లేచింది. ఆ వాసన నీకెలా చెప్పను? రోజూ పొద్దున నన్ను నిద్రలేపిన వాసన అది. ఇన్నాళ్ళూ వంటింటి గోడల్లోంచి వస్తోందనుకున్నానేమో, ఎవరో చేస్తే వస్తుందని తట్టనే లేదు. వెంటనే వెనిగర్ పోశాను. చేదు లేదు! గిన్నె ముందు ఒక్కణ్ణే నిలబడి, "చేదు లేదు" అని పైకే అన్నాను.

అలాగని ఆవిడ సాస్‌లా ఉందా అంటే, లేదు. ఒకరోజు పుల్లగా, ఒకరోజు బెల్లంపాకంలా వస్తుంది. పులుపు విరగడానికి ఆపిల్ తురిమి వేసి చూశాను, కొంచెం దారికొచ్చింది. మర్నాటికి రుచి కుదురుకుంటుందని కూడా కనిపెట్టాను. బండి తీశాను. మాస్టారు వచ్చి తిన్నాడు. "అమ్మాయి చేసినట్టు లేదోయ్" అన్నాడు. "లేదు సార్" అన్నాను. "రేపు కూడా ఉంటావా?" అన్నాడు. ప్లేటు మాత్రం తుడవలేదు.

ఒక సంగతి ఒప్పుకుంటాను. ఇది నడుం విరిచే చాకిరీ. గోళ్ళ సందుల్లో ఎరుపు పోదు. దిండుకి కూడా ఉల్లిపాయ వాసనే. రోజూ ఇలా ఎలా చేసిందో. కాబట్టి మీ అక్కతో చెప్పు. నాకు బుద్ధొచ్చింది, ఆవిడ విలువ తెలిసింది. ఇక వచ్చేసి తన గరిటె తను తీసుకోమను. సాస్ మళ్ళీ ఎప్పటిలా అవుతుంది, నేను పెనం దగ్గరికి వెళ్తాను, అంతా మామూలే.

మీ బావ


తమ్ముడి ఇల్లు, మేడ మీది గది,
మంగళవారం

ఏమండీ,

మీరు వాడికి రాసిన ఉత్తరం నేనే చదివాను. వాడు చదివి వినిపిస్తూ "అంతా మామూలే" దగ్గర ఆగిపోతే చేతిలోంచి లాక్కున్నాను.

ఇది నడుం విరిచే చాకిరీ అని తెలిసిందట. తెలిసింది కాబట్టి వచ్చి మళ్ళీ చెయ్యమంటున్నారు. నీళ్ళు చల్లగా ఉన్నాయి, నేను చూశాను, ఇక నువ్వు దూకు అన్నట్టుంది.

ఆ రోజు మీరన్న మాటకి అలిగి వచ్చానని అందరికీ చెబుతున్నారు. మీ మాట మీద నాకు కోపం రాలేదు. నమ్మండి. ఎవరైనా చేస్తారు అన్నారు కదా. అది చెవిన పడగానే గుండెల మీంచి బరువు దిగినట్టు హాయిగా అనిపించింది. ఎవరైనా చెయ్యగలిగిందాన్ని నేనే ఎందుకు చెయ్యాలి? అందుకే ఏప్రాన్ విప్పాను. విసిరికొట్టలేదు, మడతపెట్టాను. మీరు చూసే ఉంటారు.

టమాటా వాసన అంటే నాకు వాంతి వస్తోంది. ఈ ఏడు కాదు, ఎప్పటి నుంచో. మీకు చెప్పాను. "వేడి చేసిందేమో, మజ్జిగ తాగు" అన్నారు.

క్యాంటీన్లో నేను వంట ఒక్కటే చెయ్యలేదు. సరుకుల వ్యాన్ నడిపేదాన్ని. నాకు నచ్చిన పని అది. సిటీ బస్సులకి డ్రైవర్లు కావాలని డిపో గోడ మీద కాగితం అంటిస్తే మిమ్మల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాను. "మరి సాస్ ఎవరు చేస్తారు?" అన్నారు. తర్వాత ఇంకోసారి అంటించారు, మళ్ళీ చూపించాను. "చూద్దాంలే" అన్నారు. మీ "చూద్దాంలే" అంటే తలుపు గడియ పెట్టడమే కదా.

రోజూ పొద్దున నేను వెళ్తున్నది అక్కడికే. బస్సు నేర్చుకుంటున్నాను. మొదటి పరీక్ష తప్పాను. ముందుకి బాగానే పోతుంది, వెనక్కి తీస్తూ స్తంభానికి తగిలించాను. "ఇది మీ వంటింటి బల్ల కాదమ్మా, జరిపితే జరగడానికి" అన్నాడు నేర్పేవాడు. అందరూ నవ్వారు. ఇంకో అవకాశం ఉంది. అదీ పోతే ఏం చేస్తానో నాకే తెలియదు. కానీ గిన్నె దగ్గరికి మాత్రం రాను.

నేను దాచిపెట్టిన కిటుకు ఏదీ లేదు. ఉన్నదంతా చెప్పేశాను.

మీ చెయ్యి ఎలా ఉంది?


మా వంటింట్లోంచి,
శుక్రవారం

నీకు,

ఏమని మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపాను. నాకు ఇంకా కోపంగానే ఉంది. మీ తమ్ముడికి తెలుసు, వాడి కొట్లో పనిచేసేవాళ్ళకి కూడా తెలిసే ఉంటుంది, కట్టుకున్నవాణ్ణి నాకు తెలియదు. ఇదేం న్యాయం?

అని రాసి, బల్ల మీద పెట్టి, ఉల్లిపాయలు తరిగాను. తరుగుతుంటే డిపో గోడ గుర్తొచ్చింది. నువ్వు చూపించావు. నాకు తెలుసు. తెలియనట్టు ఉండడం నాకు సుఖంగా ఉండింది.

నా మాటకి నీకు హాయిగా అనిపించిందని చదివి కంచం పక్కకి జరిపేశాను. కోపమొచ్చిందని రాసినా బాగుండేది. కోపమైతే తగ్గుతుందని కూచునేవాణ్ణి.

సాస్ ఇక నాదే. నిన్ను మళ్ళీ అడగను. రెండు పనులూ ఒక్కణ్ణే కాబట్టి సాయంత్రం పూట బండి తియ్యడం లేదు. చేతనైనంతే. టైలర్ దెప్పుతున్నాడు, దెప్పనీ.

బస్సు గురించి నాకు ఓనమాలు కూడా రావు. కానీ బండిని రోజూ షెడ్డులోకి వెనక్కి తోస్తాను కదా, రెండు వైపులా అరచెయ్యి పట్టేంత సందే ఉంటుంది. గోడ వైపు చూస్తే గోడకే తగులుతుంది. నేను ఖాళీ వైపు చూస్తాను. నీకు పనికొస్తుందో రాదో తెలియదు. తోచింది రాశాను.

చెయ్యి మానింది. మచ్చ మిగిలింది.


కళ్ళద్దాల కొట్టు,
సోమవారం

బావా,

మళ్ళీ "నువ్వు"లోకి దిగాను, గమనించు.

అక్క నీ ఉత్తరం చదివి, "బస్సు గురించి ఈయనకేం తెలుసు?" అంది. మడిచి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని పరీక్షకి వెళ్ళింది. పాసైంది! స్తంభం నిలబడే ఉంది. నీ సలహా పనికొచ్చిందా అని అడిగితే, "నేనే పాసయ్యాను, సలహా పాసవలేదు" అంది. కాబట్టి నువ్వు మీసం మెలెయ్యకు.

వచ్చే వారం నుంచి డ్యూటీ. ఏ రూటో నీకు చెప్పొద్దంది. ఇంటికి ఎప్పుడొస్తావని అడిగితే, "ముందు బస్సు నడపనివ్వరా" అంది. నిన్ను అడిగితే ఉల్లిపాయలంటావు, ఆవిడని అడిగితే బస్సంటుంది. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నాను. ఇక మీరిద్దరూ నేరుగా మాట్లాడుకోండి. నా కళ్ళకే అద్దాలు వచ్చేట్టున్నాయి.

నీ బావమరిది


మా ఇల్లు,
ఆదివారం

బావమరిదీ,

నువ్వు రూటు చెప్పకపోయినా ఆ బస్సు నా బండి ముందుకే వచ్చి ఆగింది.

నిన్న మధ్యాహ్నం. రద్దీలో తలెత్తే తీరిక లేదు. స్టాపులో బస్సు ఆగి హారన్ కొట్టింది. ఎవడి గొడవో అనుకున్నాను. మళ్ళీ కొట్టింది. విసుగొచ్చి, "ఆగవయ్యా, ఎక్కేవాళ్ళు ఎక్కుతారు" అని అరిచి తల తిప్పితే, పైన కిటికీలో మీ అక్క. ఖాకీ చొక్కా, జుట్టు బిగించి ముడి. నన్ను కాదు, నా చేతిలో గరిటెని చూస్తోంది.

డ్యూటీలో సీటు దిగకూడదట. ప్లేటు పట్టుకుని నేనే వెళ్ళాను, మునివేళ్ళ మీద లేచి కిటికీలోంచి అందించాను. వద్దంటుందేమో అనుకున్నాను. తీసుకుంది. వాసన చూసి కొంచెం మొహం తిప్పుకుంది, అది నేను చూశాను. అయినా ఒక ముక్క తింది. వెనక నుంచి ఎవరో, "డ్రైవరమ్మా, మేం పనులకి పోవద్దా?" అన్నారు. "పోదురుగానీ" అంది నములుతూనే.

"ఆపిల్ ఎక్కువైంది" అంది నాతో.

నాకు తిక్క రేగింది. "ఎక్కువైతే ఏం? జనం తింటున్నారు. నా చేతికి అలాగే వస్తుంది" అన్నాను. నోరు జారానని అప్పుడు తెలిసింది. ఆవిడ ప్లేటు తిరిగిచ్చింది. "సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొస్తాను. వంట మీరే చెయ్యండి" అంది.

"ఏం చెయ్యను?"

"టమాటా లేనిది ఏదైనా."

తలుపులు మూసుకున్నాయి, బస్సు వెళ్ళిపోయింది. టైలర్ గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. మొదటిసారి దెప్పకుండానే మిషన్ దగ్గరికి వెళ్ళి కూచున్నాడు.

బంగాళాదుంపలు వేయించాను, గుడ్లు ఉడికించాను. దుంపలు ఒక పక్క మాడాయి. ఆవిడ మాడిన పక్క తీసేసి తింది. బస్సు సంగతులు చెప్పింది. గేరు ఎక్కడ బిగుసుకుంటుంది, ఏ మలుపులో జనం అడ్డం వస్తారు, అన్నీ. నేను సాస్ సంగతి ఎత్తలేదు. ఆవిడ వంటింట్లోకి మాత్రం రాలేదు. గడప దగ్గర ఆగి, పైకప్పు మీది ఎర్ర మరక చూసి, "ఎంత పైకి ఎగిరిందండీ!" అంది.

ఉండిపోతుందా అని నువ్వు అడుగుతావు. నాకు తెలియదు. నేను అడగలేదు. సంచి తలుపు పక్కనే పెట్టింది, రాత్రి విప్పలేదు. పొద్దున డ్యూటీకి వెళ్తూ జిప్పు సగం లాగి, దువ్వెన ఒక్కటి తీసి తల దువ్వుకుంది. తిరిగి సంచిలో వెయ్యబోయి ఆగింది. అద్దం ముందు పెట్టి వెళ్ళింది.

ప్రస్తుతానికి దువ్వెన వచ్చింది.

మీ బావ